పనికి రావటం, పనికిరావటం

తెలుగులో ఒక మాట ఉన్నది. దాన్ని మనం రోజుకు పదిసార్లు అంటాం, ఎన్నడూ ఆగి చూడం. ఒక వస్తువు ఉపయోగపడితే అది పనికివచ్చింది అంటాం. ఒక మనిషి ఉదయం ఫాక్టరీ గేటు దగ్గిరికి చేరితే అతను పనికి వచ్చాడు అంటాం. రాతలో రెంటికీ మధ్య కాస్త ఎడం పెడతాం, నోటి మాటలో ఆ ఎడం కూడా ఉండదు. పనికిరాని కొడవలి, పనికిరాని ఎద్దు, పనికిరాని మనిషి - ఈ మూడూ మన నోట ఒకే వరసలో వస్తాయి. ఇందుకు భాషను తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. కొడవలినీ, ఎద్దునూ, మనిషినీ ఒకే కొలతతో కొలిచే ఏర్పాటు మన మధ్య చాలాకాలంగా ఉన్నది గనక ఈ మాట మనకు ఎక్కడా గుచ్చుకోదు, అంతే.

నేను రాయబోయేది కాన్సరుకు వైద్యం పొంది, బతికి, తిరిగి పనిలోకి వచ్చే మనుషులను గురించి. మా తాతల నాడు ఈ ప్రశ్నే లేదు. రాచపుండు అన్న మాట వింటే ఇంటివాళ్ళు మిగిలిన రోజులు లెక్కపెట్టుకునేవారు తప్ప, రోగి మళ్ళీ ఉద్యోగానికి ఎప్పుడు పోతాడని ఎవరూ అడిగేవారు కాదు. 1954లో మద్రాసు అడయారులో ముత్తులక్ష్మి రెడ్డి పూనికతో కాన్సరు ఇన్‌స్టిట్యూటు వెలిసింది. మరుసటి ఏడు హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర కాన్సరు ఆస్పత్రి వచ్చింది. అప్పటినుంచి వైద్యశాస్త్రం చాలా దూరం నడిచింది. 2022లో మన దేశంలో కొత్తగా కాన్సరు బయటపడినవారు దాదాపు 14 లక్షలని అంతర్జాతీయ అంచనా. జబ్బు ఆలస్యంగా బయటపడటం చేత వీళ్ళలో చాలామంది పోతున్నారు. కాని బతికేవారి సంఖ్య కూడా చిన్నదేమీ కాదు. వాళ్ళలో నలభై, యాభై ఏళ్ళవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇంకా పదేళ్ళో ఇరవై ఏళ్ళో పని చెయ్యవలసినవాళ్ళు. శాస్త్రం వాళ్ళ ప్రాణం నిలబెట్టింది. ఆ తరవాత వాళ్ళను ఎక్కడ నిలబెట్టాలో మనకు ఇంకా తెలియదు.

మనకు అంటే ఎవరికో కాదు, నాకు కూడా. మా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే ఒక టీచరుగారికి రొమ్ము కాన్సరు వచ్చింది. శస్త్రచికిత్స, తరవాత కీమోథెరపీ, ఆపైన రేడియేషను. పదకొండు నెలలు సెలవులో ఉన్నారు. ప్రభుత్వోద్యోగి గనక సెలవు దొరికింది, జీతంలో చాలా భాగం వచ్చింది, ఆస్పత్రి ఖర్చు కొంత తిరిగి చేతికందింది. జబ్బుగా ఉన్న రోజుల్లో మేము చెయ్యవలసినదంతా చేశాం. చందాలు వేసుకున్నాం, వంతులవారీగా ఆస్పత్రికి వెళ్ళాం, ఆవిడ పిల్లవాడి పరీక్ష ఫీజు నేనే పోయి కట్టి వచ్చాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు పట్టుకుని ఆవిడ తిరిగి వచ్చిన రోజున స్టాఫ్ రూములో లడ్డూలు పంచాం.

ఆ తరవాత వారం రోజుల్లో మేము చేసిన పనులు చెబుతాను. ఆవిడ దగ్గిర ఉన్న పదో తరగతి తీసి ఇంకొకరికి ఇచ్చాం. పబ్లిక్ పరీక్షలు, ఫలితాలు, ఇంత ఆందోళన ఆవిడకెందుకు అని. రెండు పీరియడ్లు తగ్గించి, తలా ఒకటి పంచుకున్నాం. సైన్సు ప్రదర్శన బాధ్యత తప్పించాం. ఆఖరికి ఉదయం ప్రార్థనలో నిలబడనక్కర లేదని కూడా చెప్పాం. అన్నీ ప్రేమతో చేసినవే. వాటిలో ఒక్కటి కూడా ఆవిడను అడిగి చెయ్యలేదు. యూనియను శాఖ కార్యదర్శిని నేను గనక, ఆ ఏర్పాట్ల కాయితం మీద మొదటి సంతకం నాది.

ఆవిడ ఏమీ అనలేదు. నెల తరవాత ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు మట్టుకు, "పదో తరగతి ఎవరికిచ్చారో నాకు అటెండరు చెప్పాడు మాస్టారూ" అన్నారు. కాసేపు ఆగి, "నేను కింది గది అడిగాను. మీరు విశ్రాంతి ఇచ్చారు" అన్నారు.

నిజమే, ఆవిడ కింది గది అడిగారు. కుడి చంకలో గ్రంథులు తీసివేసినప్పటి నుంచి ఆ చెయ్యి భుజం పైకి ఎత్తి ఎక్కువసేపు బోర్డు మీద రాస్తే వాచిపోతుంది. మందుల వల్ల వేళ్ళ చివరలూ పాదాలూ తిమ్మిరిగా ఉంటాయి, మెట్లెక్కేటప్పుడు అడుగు ఎక్కడ పడుతున్నదో తెలియదు. మధ్యాహ్నం మూడు దాటితే ఒంట్లో సత్తువ ఉండదు. అంతకుమించి ఏమీ లేదు. పాఠం మరిచిపోలేదు, ప్రయోగం మరిచిపోలేదు. పదో తరగతి పై అంతస్తులో ఉన్నది. దాన్ని కిందికి తేవాలంటే ఆఫీసు గదిని కదపాలి. ఆఫీసు గదిని కదపటం కంటె మనిషిని కదపటం తేలిక అని మాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఈ ఉదంతంలో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. ఉంటే దీన్ని గురించి రాయవలసిన అవసరమే ఉండేది కాదు. దుర్మార్గుల మీద మన సాహిత్యంలో కావలసినంత రాత ఉన్నది. మంచివాళ్ళు కలిసి, మంచి ఉద్దేశంతో, ఒక మనిషిని ఆమె పని నుంచి కొంచెం కొంచెంగా తొలగించటం ఎలా సాధ్యమైందన్నది నా ప్రశ్న.

మేము ఏమనుకున్నాం? ఉద్యోగం అనేది ముందే తయారై ఉన్న ఒక ఆకారం అనుకున్నాం: ఇన్ని మెట్లు, ఇంత ఎత్తున బోర్డు, ఇన్ని పీరియడ్లు. మనిషి అందులో ఇమడాలి. ఇమిడితే శక్తి ఉన్నట్టు, ఇమడకపోతే లేనట్టు. శక్తి బావిలో నీళ్ళలాగా ఒంట్లో ఉంటుంది, జబ్బు చేస్తే అడుగంటుతుంది. ఈ ఊహ చాలా సహజంగా కనిపిస్తుంది. కాని బోర్డును రెండడుగులు కిందికి దించి చూడండి. టీచరుగారి శక్తి పెరుగుతుంది, ఆవిడ ఒంట్లో ఏ మార్పూ రాకుండానే పెరుగుతుంది. మరి ఆ శక్తి ఎక్కడ ఉన్నట్టు? చేతిలోనా, గోడ మీదనా? ఆ రెంటికీ మధ్య ఉన్న సంబంధంలో ఉన్నదనుకోవాలి. కళ్ళజోడు పెట్టుకున్న గుమాస్తాను అశక్తుడని ఎవరూ అనరు, ఎందుచేతనంటే కళ్ళజోడుతో మన ఆఫీసులు ఏనాడో రాజీపడ్డాయి. ఈ రహస్యం యజమానులకు తెలియనిదేమీ కాదు. ఇంగ్లండులో యంత్రాలు వచ్చినప్పుడు, కండబలం అవసరం తగ్గింది గనక ఆడవాళ్ళనూ పసిపిల్లలనూ తక్కువ కూలికి మిల్లుల్లోకి దించారు. పని ఆకారం మారితే శక్తి లెక్క మారుతుందని పెట్టుబడి 200 ఏళ్ళ కిందటే గ్రహించింది. లాభం వచ్చే చోట తెలిసిన సంగతి ఖర్చు తగిలే చోట జ్ఞాపకం రావటం లేదు.

మనం కూడా ఈ విషయంలో అంత తెలివిగా ఏమీ లేము. శక్తి మేరకు పని చెయ్యటం, అవసరం మేరకు పొందటం అన్న ఆదర్శాన్ని సభల్లో ధారాళంగా పలుకుతాం. మార్క్స్ 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ ఈ ఆదర్శానికి ముందు చెప్పిన ముక్క మట్టుకు మనకు అంతగా గుర్తుండదు. ఒకే కొలబద్దతో అందరినీ కొలవటం న్యాయంలాగా కనిపిస్తుందనీ, ఒకడు బలవంతుడూ ఒకడు బలహీనుడూ అయినప్పుడు ఆ సమానపు కొలతే అసమానత్వాన్ని కాపాడుతుందనీ ఆయన వాదం. అదే రచనలో, సమాజపు ఉత్పత్తిని పంచుకునే ముందు దానిలోంచి తీసిపెట్టవలసిన నిధుల్లో పని చెయ్యలేనివారి కోసం ఒక నిధిని చేర్చాడు. అంతవరకూ బాగానే ఉన్నది. కాని జబ్బునుంచి తిరిగి వచ్చిన మనిషి ఈ రెండు పట్టికల్లో దేనిలోకి వస్తాడు? పని చేసేవాడా, చెయ్యలేనివాడా? సోమవారం ఆరు గంటలు చెయ్యగలడు, గురువారం రెండు గంటలే చెయ్యగలడు. కూర్చుని చెయ్యగలడు, నిలబడి చెయ్యలేడు. ఈ మూడో మనిషికి మన అర్థశాస్త్రంలో ఇంకా పేరు పెట్టలేదు.

చట్టానికి కూడా ఈ మూడో మనిషి తెలియదు. డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్టులో రెండే గళ్ళు: ఫిట్, అన్‌ఫిట్. ఇ.ఎస్.ఐ. సంగతి తీసుకోండి. 1948 చట్టం కింద మొదలై ఇప్పుడు సాంఘిక భద్రతా కోడ్ కిందికి వచ్చిన ఈ ఏర్పాటు మన కార్మికవర్గం సాధించుకున్నవాటిలో మేలైనది, దాన్ని తక్కువ చెయ్యను. మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో 70 శాతం ఇస్తారు. కాన్సరు వంటి దీర్ఘవ్యాధులకు, నిర్ణీత కాలం చందా కట్టి ఉంటే, 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా పొడిగించే వీలున్నది. 2017లో జీతం పరిమితిని నెలకు 21,000 రూపాయలుగా పెట్టారు గనక ఆ పైన ఒక్క రూపాయి ఉన్నవాడు బయటనే ఉన్నాడు. అది అటుంచండి. ఈ భత్యం పని మానిన రోజుకే ఇస్తారు. పని చేసిన రోజుకు ఇవ్వరు. కోలుకుంటున్న కార్మికుడు రోజుకు మూడు గంటలు చేసి చూద్దామనుకుంటే ఆ రోజు భత్యం పోతుంది, మూడు గంటల కూలి మిగులుతుంది. కాబట్టి ఒళ్ళు పూర్తిగా స్వాధీనమయ్యేదాకా, లేదా భత్యం గడువు తీరేదాకా, ఇంట్లో కూర్చుంటాడు. గడువు తీరిన మర్నాడు ఎనిమిది గంటల పనికి సిద్ధంగా ఉండాలి. మంచంలోంచి దిగి తిన్నగా మగ్గం ముందుకు! జర్మనీలో ఇందుకు ఒక మధ్యమార్గం చాలాకాలంగా నడుస్తున్నది. డాక్టరు వేసిన పథకం ప్రకారం కార్మికుడు రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి వారాల తరబడి నాలుగుకూ ఆరుకూ పెంచుకుంటూ పోతాడు. ఆ కాలమంతా అతన్ని లెక్కలో రోగిగానే ఉంచి ఆరోగ్యనిధి భత్యం ఇస్తుంది. అదేమీ సోషలిజం కాదు. పనివాణ్ణి పూర్తిగా పోగొట్టుకోవటం కంటె ఇది చవక అని లెక్క వేసుకున్నారు. అయినా అక్కడ మూడో మనిషికి ఒక గడి దొరికింది.

అంగవైకల్యం చట్టం కొంత ముందుకు పోయింది. 2016 చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉండగా వికలాంగుడైన ప్రభుత్వోద్యోగిని తీసివెయ్యటానికీ, హోదా తగ్గించటానికీ వీలు లేదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతం మీద ఇంకొక పని ఇవ్వాలి, అటువంటిది లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలి. ప్రయివేటు యజమాని మీద ఇంత బాధ్యత పెట్టలేదు. సమాన అవకాశాల విధానం ఒకటి ప్రకటించమన్నారు. ఈ చట్టం గుర్తించిన వైకల్యాలు 21. వాటిలో కాన్సరు లేదు. కాన్సరు వల్ల స్వరపేటిక తీసివెయ్యవలసి వస్తే మాటకు సంబంధించిన వైకల్యం కింద ఆ పట్టికలో చోటు దొరుకుతుంది. జబ్బు మనిషి గొంతు తీసుకుంటే చట్టానికి వినపడుతుంది గాని, సత్తువ తీసుకుంటే కనపడదు. మా టీచరుగారు ఏ పట్టికలోనూ లేరు. ఆవిడ సర్టిఫికెట్టు ప్రకారం ఫిట్.

పాత పారిశ్రామిక వివాదాల చట్టం ఇంకా నిర్మొహమాటంగా మాట్లాడింది. 1953లో అందులో రిట్రెంచిమెంటుకు నిర్వచనం చేర్చారు. ఏ కారణం చేతనైనా సరే యజమాని కార్మికుణ్ణి తొలగిస్తే అది రిట్రెంచిమెంటే, పరిహారం ఇవ్వవలసిందే అని మొదలుపెట్టి, కొన్ని మినహాయింపులు చెప్పారు. తనంతట తాను మానుకున్నవాడు ఒకడు. వయసు మీరి దిగిపోయినవాడు ఒకడు. మూడోవాడు, ఎడతెగని అనారోగ్యం చేత తొలగించబడ్డవాడు. 2025 నవంబరులో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చేదాకా ఆ చట్టమే అమల్లో ఉన్నది. శ్రమశక్తి సరుకు అని మార్క్స్ అన్నది అతిశయోక్తి అనేవారు ఆ మినహాయింపును ఒక్కసారి చదవాలి. సరుకు చెడిపోయినప్పుడు కొన్నవాడు నష్టపరిహారం ఇస్తాడా?

పైన చెప్పినదంతా ఉద్యోగం అనేది ఒకటి ఉన్నవాళ్ళ సంగతి. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడమనిషిని తలుచుకోండి. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి ముడిచి, దారం కట్టటం - ఇదంతా వేళ్ళ కొసలతో జరిగే పని. కీమోథెరపీలో వాడే కొన్ని మందులు ముందుగా దెబ్బకొట్టేది ఆ వేళ్ళ కొసలనే. ఆమె పని పోదు. ఆమెను ఎవరూ తొలగించరు, నోటీసు ఇవ్వరు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు అడగరు. లెక్క తగ్గుతుంది, అంతే. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని గదా! రోజుకు వెయ్యి చుట్టే చెయ్యి ఐదువందల దగ్గిర ఆగిపోతే సగం కూలి. కోలుకుంటున్నవారికి పని గంటలు వాళ్ళ ఇష్టానికి వదిలెయ్యాలనీ, ఇంటి దగ్గిరనుంచి పని చేసుకోనివ్వాలనీ ఈమధ్య పెద్ద కంపెనీల మేనేజర్లు గొప్పగా చెబుతున్నారు. బీడీ కార్మికురాలికి ఆ సౌకర్యాలన్నీ పుట్టుకతోనే ఉన్నాయి. ఇంటి దగ్గిరే పని, తనకు ఇష్టమైనప్పుడే పని, ఎంత చెయ్యగలిగితే అంత పని. ఆకలి కూడా అదే లెక్కన. కూలికి హామీ లేనిచోట ఈ స్వేచ్ఛకు అర్థం ఏమిటో ఆమెను అడిగితే తెలుస్తుంది.

ఆమె వైద్యం ఖర్చు సంగతి కొంత మెరుగే. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చిన తరవాత పేదవాడు కాన్సరు ఆపరేషను కోసం ఇల్లు అమ్ముకోవలసిన అవసరం చాలావరకు తగ్గింది. కాని రెక్కాడితేగాని డొక్కాడని మనిషికి ఆపరేషను అయిన తరవాత ఇంట్లో గడిపే రోజులే అసలు గండం. ఈ సంగతి ప్రభుత్వానికి కూడా ఒకసారి తట్టింది. 2019 డిసెంబరులో, ఆరోగ్యశ్రీ కింద చికిత్స పొంది కోలుకుంటున్నవారికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చే పథకం ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టారు. మొత్తం చిన్నదే, దాని మీద రాజకీయ ప్రచారం పెద్దదే. అయినా జబ్బుపడ్డ కూలివాడు పోగొట్టుకునేది ఆరోగ్యం ఒక్కటే కాదు, కూలి కూడా అని ఒక ప్రభుత్వం కాయితం మీద ఒప్పుకున్నది. ఆ కూలి మళ్ళీ సంపాదించే దారి ఏమిటన్నది అందులో కూడా లేదు.

చదువుకున్నవాళ్ళకు ఈ బాధ లేదనుకోవటం పొరపాటు. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్న తెలుగు ఇంజనీరుకు జీతం, వైద్యబీమా, దేశంలో ఉండే అనుమతి - మూడూ ఒకే ముడిలో ఉంటాయి. అక్కడి 1993 చట్టం పెద్ద సంస్థల్లో జబ్బు కోసం 12 వారాల సెలవు ఇస్తుంది, జీతం లేకుండా. ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవటానికి ఇచ్చే గడువు 60 రోజులు. అతను కీమోథెరపీ చేయించుకుంటూ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పని చేస్తూ ఉంటే దాన్ని ధైర్యమని మెచ్చుకుంటాం. మన వార్తాపత్రికలకు ఇటువంటి ధైర్యగాథలంటే మహా ప్రీతి. ఆ ధైర్యం ఎవరికి లాభం, ఎవరి బలవంతం మీద వచ్చింది అని ఆ గాథల్లో ఉండదు.

కాన్సరు వచ్చినవాళ్ళు పనికి దూరం కావటానికి కాన్సరే కారణమని సరిపెట్టుకోవచ్చునేమో. 2009లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 36 అధ్యయనాలను కలిపి చూస్తే, కాన్సరునుంచి బయటపడినవారిలో 33.8 శాతం ఉద్యోగం లేకుండా ఉన్నారు. జబ్బు లేనివారిలో అట్లా ఉన్నవారు 15.2 శాతం. ఈ తేడాలో జబ్బు వాటా ఎంత, మెట్ల వాటా ఎంత, మా వంటి సహృదయుల సంతకాల వాటా ఎంత అన్నది అంకెలు చెప్పవు.

ఈ మాటలన్నీ ఒక మిత్రుడితో అన్నాను. ఆయన పాత కమ్యూనిస్టు, నాకంటె ఎక్కువ చదివినవాడు. "నీ వాదమంతా తలకిందులుగా ఉన్నది" అన్నాడు. పెట్టుబడిదారీ వ్యవస్థలో పని బానిసత్వం గదా, చావు తప్పించుకుని వచ్చిన మనిషిని మళ్ళీ ఆ కాడి కిందికి తోలటానికి ఇంత తాపత్రయం ఎందుకు? ఆమెకు జీవితాంతం భరణం అడుగు, పని అడగకు - ఇదీ ఆయన వాదం. మార్క్స్ అల్లుడు లఫార్గ్ సోమరితనమే హక్కు అని ఒక పుస్తకం రాశాడని కూడా గుర్తుచేశాడు.

ఈ ఆక్షేపణను తేలిగ్గా తోసెయ్యలేం. బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. 2005లో అక్కడ చట్టం సవరించి, కాన్సరు ఉన్నదని తేలిన రోజునుంచే ఆ మనిషిని వికలాంగుల రక్షణ కిందికి తెచ్చారు. యజమాని పని పద్ధతిలో సమంజసమైన మార్పులు చెయ్యవలసిందే. 2010 సమానత్వ చట్టం దాన్ని నిలబెట్టింది. మంచి చట్టం. అదే దేశంలో, 2008లో, రోగులకిచ్చే భత్యానికి ఉద్యోగ సహాయమని కొత్త పేరు పెట్టి, ఎవరు ఎంత పని చెయ్యగలరో తేల్చే పరీక్షలు తెచ్చారు. 2012లో, ఇవాళ కాకపోయినా రేపు పనికి సిద్ధం కాగలరని తేల్చిన రోగులకు, చందా కట్టి సంపాదించుకున్న భత్యాన్ని ఒక్క సంవత్సరానికి కుదించారు. కనీసం కాన్సరు రోగులనయినా ఇందులోంచి తప్పించమని ప్రభువుల సభ ఓటు వేస్తే, ప్రజాప్రతినిధుల సభ దాన్ని తోసిపుచ్చింది! సహాయం అన్న మాట ఇంత సులువుగా కొరడా అవుతుంది. కాబట్టి తిరిగి వచ్చే హక్కు అడిగేవాళ్ళం రాకుండా ఉండే హక్కును కూడా అదే నోటితో అడగాలి. ఇంట్లో పొయ్యి వెలగదు గనక వచ్చిన మనిషి ఏ హక్కునూ వినియోగించుకున్నట్టు కాదు. ఇంతవరకు మా మిత్రుడితో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, పని అంటే కాడి ఒక్కటే అనటంలో. మా టీచరుగారు పదో తరగతి కావాలన్నది జీతం కోసం కాదు, జీతం ఎట్లాగూ వస్తున్నది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఆ ఊరి పిల్లలకు విద్యుత్తు అంటే ఏమిటో చెబుతున్నారు. ఊళ్ళో ఆవిడ ఎవరు అంటే ఆ పాఠం చెప్పిన మనిషి. పెట్టుబడి మన పనిని మననుంచి పరాయిది చేస్తుందని చెప్పేవాళ్ళం, పరాయి కాకుండా మిగిలిన ఆ కాస్త పనిని మనమే విశ్రాంతి పేరుతో లాక్కోవటం ఏం న్యాయం? భరణం ఇచ్చి గౌరవంగా కూర్చోబెట్టటం కూడా ఒక్కొక్కప్పుడు తొలగింపే. మా కాయితం ఆ పని చేసింది.

ఇంకొక ఆక్షేపణ స్టాఫ్ రూములోంచి వచ్చింది, ఎవరూ పైకి అనలేదు గాని. ఆవిడ తగ్గించుకున్న రెండు పీరియడ్లు ఎవరి నెత్తిన పడ్డాయి? మా నెత్తిన. మొదటి నెల సంతోషంగా చేశాం. మూడో నెలలో ఒకాయన తన పీరియడ్లు వేళ్ళ మీద లెక్కపెట్టటం చూశాను. ఆరో నెలలో "ఆవిడకేం, హాయిగా ఉన్నది" అన్న మాట వినపడింది. ఆయన చెడ్డవాడని నేననుకోను. ఒక మనిషి పని తగ్గినప్పుడు ఆ మేరకు ఇంకొక మనిషిని ఇవ్వవలసిన బాధ్యత ఉద్యోగం ఇచ్చినవాడిది. దాన్ని మా మంచితనంతో మేమే పూడ్చేశాం. అందువల్ల పైవాడికి పైసా ఖర్చు లేదు, చివరకు మా కోపం ఆవిడ మీదికే మళ్ళింది. సహోద్యోగుల దయ మీద ఆధారపడే ఏర్పాటుకు ఆయుర్దాయం ఒక టర్ము.

అయితే దయ కాకుండా ఇంకేమున్నది? ఒక సంగతి చెబుతాను, కాన్సరుకు సంబంధించినది కాదు. 2025లో సుప్రీంకోర్టు తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరి కేసు విన్నది. ఆయనకు రంగులు గుర్తుపట్టే చూపు లేదని తేలితే సంస్థ ఇంటికి పంపేసింది. కోర్టు ఆయనకు వేరే పని, జీతానికి రక్షణతో సహా, ఇవ్వమన్నది. ఆ తీర్పుకు ముఖ్యమైన ఆధారం అంగవైకల్య చట్టం కాదు. 1979లో ఆర్టీసీ యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందంలో, ఇటువంటి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని ఒక నిబంధన ఉన్నది. 46 ఏళ్ళ కిందట బేరసారాల బల్ల దగ్గిర కూర్చున్న కార్మికులు ఎవరో, రేపు చూపు తగ్గేవాడి సంగతి కూడా ఆలోచించి ఒక పేరా రాయించారు. వాళ్ళకు ఆ మనిషి తెలియదు, అతని మీద జాలిపడే అవకాశమూ లేదు.

ఆ తీర్పు సంగతి చదివిన రాత్రి నేను మా సంఘం పదేళ్ళ కోర్కెల పత్రాలు తీసి చూశాను. వాటిలో సగం నా చేత్తో రాసినవే. కరువుభత్యం ఉన్నది, బదిలీలు ఉన్నాయి, ప్రమోషన్లు, పాత పెన్షను, సర్వీసు రూల్సు ఉన్నాయి. జబ్బునుంచి తిరిగి వచ్చినవాళ్ళను గురించి ఒక్క వాక్యం లేదు. తిరిగి వచ్చిన మొదటి ఆరు నెలలు సగం పనిని పూర్తి డ్యూటీగా లెక్కించాలనీ, మిగతా సగానికి బదులు మనిషిని ఇవ్వాలనీ, పనిలో ఏ మార్పయినా ఆ మనిషిని కూర్చోబెట్టుకుని ఆమె నోటితో చెప్పించుకుని చెయ్యాలనీ అడగటానికి మమ్మల్ని ఎవరు ఆపారు? ఎవరూ ఆపలేదు. మాకు తట్టలేదు. లడ్డూలు పంచాం.

ఈ జూన్‌లో బడులు తెరిచినప్పుడు తరగతుల పంపకం సమావేశం జరిగింది. ఈసారి ముందు టీచరుగారిని మాట్లాడమన్నాను. ఆవిడ చిన్న కాయితం రాసుకొచ్చారు. పదో తరగతి కావాలి, కింది గదిలో. చివరి పీరియడు వద్దు, దానికి బదులు పొద్దున ఒకటి ఎక్కువ తీసుకుంటాను. మూడు నెలలకొకసారి ఆస్పత్రికి వెళ్ళే రోజు ముందే చెబుతాను. హెడ్‌మాస్టరుగారు చదివి, ఇందుకు రూలు లేదన్నారు. వద్దని కూడా రూలు లేదు గదా అన్నాను. అరగంట వాదన జరిగింది. పీరియడ్లు అట్లా మారిస్తే తనకు సాయంత్రం బస్సు తప్పుతుందని లెక్కల మాస్టారు చెప్పాడు. అది నిజమైన ఇబ్బందే, దానికి ఇంకా పరిష్కారం దొరకలేదు. ఆఫీసు గది కదల్లేదు. లైబ్రరీ బీరువాలు వరండాలోకి వచ్చాయి, పదో తరగతి లైబ్రరీలోకి వచ్చింది. బోర్డు దించటానికి డబ్బు మంజూరు చెయ్యమని జిల్లా ఆఫీసుకు కాయితం వెళ్ళింది, తిరిగి రాలేదు. ఈలోగా ఆవిడ బోర్డు మీద రాసే పని రోజుకొక విద్యార్థికి అప్పగించి, కుర్చీలో కూర్చుని చెబుతున్నారు. మొన్న ఒక కుర్రవాడు ఓమ్ నియమం రాస్తూ భాగహారాన్ని తలకిందులు చేశాడు. ఆవిడ చెరపమనలేదు. ఈ లెక్క ప్రకారం మీ ఇంట్లో బల్బు ఏమవుతుందో చెప్పండి అని తరగతినంతా అడిగారు. నేను వరండాలో బీరువాల పక్కన నిలబడి విన్నాను. గంట కొట్టినా వాళ్ళ వాదన తెగలేదు.